రాలేదు

కాశీబుగ్గలో టైర్ల షాపు పైన గది నాది.
కిటికీ తీస్తే జీడిపిక్కల వగరు పొగ.
అక్కడ కూర్చుని ఫోన్లో ఆడే కథ ఒకటి రాస్తున్నాను,
చదివేవాళ్ళు ఏ గడి నొక్కితే ఆ దారిన పోయే కథ.
పలాసలో ఒక ఫ్యాక్టరీ, ఆరుగురు ఆడవాళ్ళు,
ఏడో పీట మీద ఒక రోబో.

మొదటి వాక్యంలోనే ఇరుక్కున్నాను.
పొద్దున్న ఆరింటికి ఏడో నంబరు పనిలోకి
వచ్చిందా? వచ్చాడా? వచ్చారా?

అది అంటే తిరగలి, తాళంచెవి, వాన.
వాడు అంటే చనువు, లేదంటే చీదర,
రెంటికీ గొంతులోనే తేడా.
అతను అంటే బస్సులో పక్క సీటు.
ఆయన అంటే కుర్చీ వెయ్యాలి.
పీట మీద కూర్చుని పిక్కలు కొట్టేదానికి
(చూశారా, అనేశాను)
కుర్చీ ఎక్కణ్ణుంచి తేను?

కింది వాటాలో దాలమ్మప్ప.
ముప్ఫయ్యేళ్ళ పిక్కల పని.
జీడి నూనెకి వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి
రేషన్ మిషను ఆవిడని ఏ నెలా గుర్తుపట్టదు.
"నానేనే తల్లీ" అంటుంది దాంతో,
మళ్ళీ ఒత్తుతుంది.

ఆవిడకి చదివి వినిపించాను.
"దాలమ్మ వొచ్చింది, మిషను వొచ్చింది.
ఒక్కలాగే ఉంది గదే గుంటా.
సూపర్‌వైజరు కూర్మనాథం గారైతే వొచ్చారు.
ఇన్నేళ్ళూ ఆ వరసలోనే ఉన్నాను నాను.
దానికి మరేద సెయ్యాలని
నీకిప్పుడు తోసిందేటి?"

నవ్వుతూనే అంది. చెమట నాకు పట్టింది.
నలుగురూ కలిస్తే వచ్చారు, ఒక్కతే అయితే వచ్చింది.
మన వ్యాకరణంలో ఆడమనిషి మనిషి కావాలంటే
పక్కన ఇంకొకరుండాలి.

"పోనీ, ఏటని పిలవాలో దాన్నే అడిగీ."
అడగాలంటే నువ్వు అనాలి, లేదా మీరు.
ప్రశ్న నోరు దాటకముందే
జవాబు అందులో కూర్చునుంది.

ఆ రాత్రి దొంగదారులు వెతికాను.
వస్తూ, వచ్చి, వచ్చాక, వచ్చిన...
క్రియని సగంలో తుంచేస్తే మర్యాద బయటపడదు.
అలా నలభై పేజీలు రాస్తే
ఒక్క వాక్యమూ నేల మీద కాలు మోపలేదు.
తెల్లారగట్ల దొరికిందో మాట:
రాలేదు.
ఆయన రాలేదు, అది రాలేదు,
వాడు, ఆవిడ, మీరు, నేను, రాలేదు.
హాజరు పట్టీలో సున్నా చుట్టేటప్పుడు మాత్రం
తెలుగు అందర్నీ ఒక్క చూపే చూస్తుంది.

ఇక నా రోబో ఏమీ చెయ్యని రోబో అయింది.
అలిసిపోలేదు. పప్పు విరగ్గొట్టలేదు.
కూలి అడగలేదు. ఏడవలేదు.
దాలమ్మప్ప విని,
"ఇలాటోల్లే గావాల ఓనర్లకి" అంది.

తర్వాత చాప మీద కాస్త జరిగి చోటిచ్చింది,
నాకో, దానికో.
"పక్కన కూకున్నాక అదేటి, ఆయనేటి?
మనం అనీసీ."

మనం వచ్చాం. మనం కొట్టాం.
మనం చద్ది మూటలు విప్పి తి...
వేలు ఆగింది.
సరే, ఆ ముక్క దాటేసి రాశాను.
సాయంత్రం హారను మోగింది.
ఆరు క్యారేజీలు గేటు దాటాయి.
వీధి దీపం కింద తవిటమ్మ వెనక్కి తిరిగింది:
"మనోల్లందరూ వొచ్చినట్టేనా?"

కింద నొక్కడానికి మూడు గళ్ళు పెట్టాను.
అందరం వచ్చేశాం, పద.
ఒకటి రాలేదు.
ఒకరు రాలేదు.

దాలమ్మప్పకి చదవడం రాదు.
గడి గడికీ నేను చదివి చెబితే
మూడోదాని మీద వేలు పెట్టింది.
ఫోను గుర్తుపట్టలేదు.

వేలు చీరకి తుడుచుకుని, ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని,
"నానేనే తల్లీ" అంది,
మళ్ళీ ఒత్తింది.